యుద్ధం నుంచి వచ్చినవాడి ఇల్లు

యుద్ధ నవల అనగానే మన ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లలో ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. టాల్‌స్టాయ్, రెమార్క్, హెమింగ్వే, కాస్త మన దగ్గరికి వస్తే ముల్క్‌రాజ్ ఆనంద్. రాసింది మగవాళ్ళు. అందులో నడిచేదీ, నలిగేదీ, చచ్చిపోయేదీ మగవాళ్ళే. ఆడవాళ్ళు ఉండరని కాదు. నటాషాలాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే మిగిలినవాళ్ళు స్టేషన్లో చెయ్యి ఊపుతూ ఉంటారు, ఆసుపత్రిలో కట్లు కడుతూ ఉంటారు, లేకపోతే ఉత్తరం కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ఈ నవలల్ని నేను పాతికేళ్ళపాటు పాఠాలుగా చెప్పాను. వాటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. యుద్ధమంటే జెండాలూ బ్యాండు మేళాలూ కాదనీ, బురద, పేలు, ఆకలి, భయం అనీ ప్రపంచానికి నమ్మకంగా చెప్పింది ఆ నవలలే. నా ప్రశ్న వేరు. సిపాయి తన ఇంట్లో చెప్పలేకపోయినదాన్ని నవలలో చెప్పాడు. సరే, మరి నవల రాయని సిపాయిల మాటేమిటి? వాళ్ళు చెప్పనిది ఏమైపోయింది? ఆ ఇళ్ళల్లో దాన్ని ఎవరు మోశారు?

రెమార్క్ 1929లో పుస్తకంగా తెచ్చిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'లో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు యుద్ధరంగం కాదు. పాల్ సెలవు మీద ఇంటికి వస్తాడు. తల్లి కాన్సర్‌తో మంచంలో ఉంటుంది. అక్కడ చాలా ఘోరంగా ఉందా అని అడుగుతుంది. అంతేం లేదంటాడు కొడుకు. తర్వాత చనిపోయిన స్నేహితుడి తల్లి దగ్గరికి వెళ్తాడు. ఆమె నిజం చెప్పమని పట్టుబడుతుంది. అతను క్షణంలో పోయాడు, బాధ పడలేదు అని ఒట్టు పెట్టి మరీ అబద్ధం చెప్తాడు. పాఠకులమైన మనకు ఆ కుర్రాడు ఎలా నరకం అనుభవించి పోయాడో తెలుసు. కన్నతల్లికి మాత్రం తెలియదు. ఆమె తట్టుకోలేదని నిర్ణయించింది పాల్. లక్షల మంది అపరిచితులకి చెప్పదగిన నిజం, అడిగిన తల్లికి చెప్పదగినది కాకుండా పోయింది. ప్రేమతోనే కావచ్చు. కానీ ఆ ప్రేమ ఆమెను కథ బయట నిలబెట్టింది.

మన దగ్గర ఈ అబద్ధానికి ఒక తయారైన రూపం ఉంది. 'ఇక్కడ అంతా క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.' మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 13 లక్షల మంది భారతీయులు పనిచేశారు. 74 వేల మందికి పైగా తిరిగి రాలేదు. ఫ్రాన్సు నుంచి వాళ్ళు రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, అనువాదం చేయించి, కొన్నిటిని ఆపేసేవారు. అందుకని వాళ్ళు మారుపేర్లు వాడుకున్నారు. నల్ల మిరియాలు అంటే మన సిపాయిలు, ఎర్ర మిరపకాయలు అంటే తెల్ల సిపాయిలు. నల్ల మిరియాలు అయిపోతున్నాయి అని రాస్తే ఊళ్ళో అర్థం చేసుకోవాలి. వంటింటి సరుకుల భాషలో చావు కబురు! ఆనంద్ తన 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' నవలలో రాసిన లాలూ ఆ సిపాయిల్లో ఒకడు. పోయిన పొలం తిరిగి దక్కుతుందన్న ఆశతో ఫ్లాండర్స్ బురదలో నిలబడినవాడు. లాలూని నేను క్లాసులో చెప్పినప్పుడల్లా పొలం గురించి మాట్లాడాను, సామ్రాజ్యవాదం గురించి మాట్లాడాను. అవన్నీ మాట్లాడుతున్నప్పుడు మనసులో మాత్రం మా ఊరు మెదిలేది.

మా నాన్నవాళ్ళది పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. పక్కనే ఉన్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ అక్కడ తరం తర్వాత తరం సైన్యంలోకి వెళ్ళడం రివాజు. ఊళ్ళో యుద్ధ స్మారకం ఉంది. ఆ గాలి మా ఊరికీ సోకింది. చైనా యుద్ధం తర్వాత 1963లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, నాన్న మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. అమ్మ కాపురానికి వచ్చేసరికి ఆయన చిరునామా ఒక ఊరు కాదు, కేరాఫ్ 56 ఎ.పి.ఓ. భర్త దేశంలో ఏ మూల ఉన్నాడో తెలియనివ్వని చిరునామా అది. ఆ అంకెలకే అమ్మ పదహారేళ్ళు ఉత్తరాలు రాసింది.

1971 డిసెంబరులో వచ్చిన నీలం రంగు ఇన్‌లాండ్ కవరు ఇప్పటికీ ఉంది. నాలుగు వాక్యాలు. క్షేమం అని, చలి ఎక్కువగా ఉందని, పాపకి స్వెట్టర్ కొనమని, డబ్బు పంపుతున్నానని. ఆ నెల 3 నుంచి 16 దాకా జరిగిన యుద్ధంలో ఆయన షకర్‌గఢ్ వైపు ఉన్నాడు. అక్కడ బసంతర్ దగ్గర జరిగిన పోరాటాన్ని టాంకుల యుద్ధంగా చెప్తారు. ఇరవై ఒక్కేళ్ళకే చనిపోయి పరమవీరచక్ర పొందిన అరుణ్ ఖేత్రపాల్ పేరు చాలామందికి తెలుసు. తెలియవలసిన పేరే. కానీ టాంకులు వెళ్ళాలంటే ముందు మందుపాతరలు పరిచిన నేలలో దారి తీయాలి. ఆ పని సాపర్లది. కాల్పుల మధ్య, చీకట్లో, నేలలోకి ఏటవాలుగా చువ్వ దించుతూ, గట్టిగా ఏదైనా తగిలితే ఆగుతూ. ఇదంతా నేను తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదే. నాన్న నోటి నుంచి ఒక్క ముక్క వినలేదు.

1979లో రిటైరై వచ్చాడు. 1980లో మేం అమీర్‌పేటలో రెండు గదుల పోర్షన్‌లో దిగాం. ఎక్స్‌సర్వీస్‌మెన్‌కి దొరికే ఉద్యోగాలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మొదట బ్యాంకులో తుపాకీ పట్టుకున్న గార్డు. ఆ తర్వాత, కంప్యూటర్ కోర్సులతో అమీర్‌పేట రూపు మారిపోయినప్పుడు, ఒక కోచింగ్ సెంటర్ గేటు దగ్గర సెక్యూరిటీ. అనంతపురం నుంచీ శ్రీకాకుళం నుంచీ జావా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు ఆయన్ని అంకుల్ అనేవాళ్ళు. ఆ అంకుల్ ఒకప్పుడు ఏం చేశాడో వాళ్ళకి తెలియదు. మాకూ పెద్దగా తెలియదు.

ఇంట్లో అమ్మ జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్స్ వేసేది, పీకో చేసేది. మధ్యాహ్నాలు అద్దె లైబ్రరీ నుంచి వారపత్రికలూ నవలలూ తెప్పించుకుని చదివేది. స్వాతి మాసపత్రికలో మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షిక కింద ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేసేవారు కదా, అది వదిలేది కాదు. పేర్లు నోరు తిరగకపోయినా కథలు నాకు అప్పజెప్పేది. నాకు ఇంగ్లీషు సాహిత్యం మొదట తెలుగులోనే, కుట్టు మిషను చప్పుడు మధ్యనే అందింది.

సినిమాల్లో చూపించినట్టు నాన్న దీపావళి టపాసులకి ఉలిక్కిపడేవాడు కాదు. ఆయన భయం చప్పుడుకి కాదు, నేలకి. కొత్తగా మట్టి పూడ్చిన చోట కాలు పెట్టేవాడు కాదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆ రోడ్డు ఏనాడు తవ్వకుండా ఉంది గనక! డ్రైనేజీకి ఒకసారి, టెలిఫోన్ తీగలకి ఒకసారి, చివరికి 2012 నుంచి మెట్రో కోసం. పూడ్చిన ప్రతి గోతి దగ్గరా ఆయన ఆగేవాడు, బూటు కొసతో తట్టేవాడు, చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. పక్కన నేనుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకునేవాడు. నిమ్స్‌లో ఎవరినైనా చూడటానికి వెళ్ళాలంటే పావుగంట నడకకి ముప్పావుగంట పట్టేది. ఆయనది చాదస్తం అనేవాళ్ళం.

రాత్రుళ్ళ సంగతి అమ్మకే తెలుసు. ఇక్కడ రాస్తున్నది ఆమె చెప్పినదీ, రాయడానికి ఒప్పుకున్నదీ మాత్రమే. నిద్రలో ఆయన వేళ్ళు పరుపు మీద కదిలేవట. ఏటవాలుగా పొడుస్తూ, ఆగుతూ, మళ్ళీ పొడుస్తూ. అప్పుడు లేపకూడదని ఆమె నేర్చుకుంది. ఒకసారి లేపబోతే చెయ్యి పట్టి మెలిపెట్టాడు, గాజులు పగిలి మణికట్టులో గుచ్చుకున్నాయి. బావి గట్టు దగ్గర జారిపడ్డానని పక్కింటివాళ్ళకి చెప్పింది. ఆ తర్వాత నుంచీ ఆయన చేతి కింద మెత్తటి పాత చీర మడతపెట్టి ఉంచేది. ఆ చీర చివికిపోతే ఇంకొకటి. ముప్పై అయిదేళ్ళు రాత్రి రెండింటికి ఆమెకి దానంతట అదే మెలకువ వచ్చేది. ఆయన 2014లో పోయాడు. ఆ మెలకువ మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

ఈ జబ్బుకి పేరు లేకపోలేదు. మొదటి యుద్ధంలోనే బ్రిటిష్ వైద్యులు షెల్‌షాక్ అన్నారు. మేం అమీర్‌పేటకి వచ్చిన 1980లోనే అమెరికన్ మానసిక వైద్యులు దాన్ని పి.టి.ఎస్.డి. పేరుతో తమ జాబితాలో చేర్చారు. ఆ పేరు మా పోర్షన్‌కి రాలేదు. ఎవరో ఒకావిడ 'ఎర్రగడ్డలో చూపించకపోయారా' అందట. ఎర్రగడ్డ మాకు ఎంతో దూరం లేదు. కానీ హైదరాబాదులో ఆ మాట ఆసుపత్రి పేరు కాదు, తిట్టు. అమ్మ ఆవిడతో మాటలు మానేసింది.

ఎమ్.ఎ.లో మాకు వర్జీనియా ఉల్ఫ్ 'మిసెస్ డాలవే' పాఠం. 1925 నాటి నవల. క్లాసులో క్లరిస్సా గురించీ, చైతన్య స్రవంతి గురించీ, యుద్ధం నుంచి తిరిగి వచ్చి మతి చెదిరిన సెప్టిమస్ గురించీ వారాల తరబడి మాట్లాడుకున్నాం. సెప్టిమస్ భార్య రేజియా గురించి ఒక్క ముక్క. మిలాన్ నుంచి అతన్ని పెళ్ళాడి పరాయి దేశం వచ్చిన పిల్ల. టోపీలు కుట్టి బతుకుతుంది. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. కుట్టు పని! చనిపోయిన స్నేహితుడితో మాట్లాడే భర్త పక్కన కూర్చుని టోపీలకి పువ్వులు కుట్టే ఆ పిల్ల నాకు బాగా తెలిసిన మనిషి. భర్త చెప్తుంటే అర్థం కాని రాతలు రాసి పెడుతుంది. అతను తగలబెట్టమన్న కాగితాలను సిల్కు గుడ్డముక్కతో కట్టి దాస్తుంది. అతను కిటికీలోంచి దూకాక డాక్టరు ఆమెకి మందు తాగించి నిద్రపుచ్చుతాడు. ఇక నవలలో ఆమె లేదు. ఆ చావు కబురు మాత్రం డాక్టరుగారి నోట క్లరిస్సా పార్టీకి చేరుతుంది. క్లరిస్సాకి తన జీవితం గురించి ఒక గొప్ప ఎరుక కలుగుతుంది. రేజియాకి మత్తుమందు.

ఉల్ఫ్ అంత స్త్రీవాది కూడా ఎందుకు ఆమెను నిద్రపుచ్చింది అని చాలాకాలం కోపంగా ఉండేది. ఇప్పుడు అంత కోపం లేదు. ఆ నిద్రపుచ్చడంలోనే ఉల్ఫ్ ఒక నిజం చూపించింది. వైద్యానికి గాని, సమాజానికి గాని రేజియా సాక్ష్యం అవసరం లేదు.

నాన్న పోయిన రెండేళ్ళకి, ఒక వేసవి మధ్యాహ్నం, ఆ కథంతా అమ్మకి తెలుగులో చెప్పాను. చిన్నప్పుడు ఆమె నాకు కథలు చెప్పినట్టే. అంతా విని, 'ఆ పిల్ల లేచాక ఏం చేసిందే?' అని అడిగింది. నవలలో లేదమ్మా అన్నాను. 'ఆ రచయిత్రికి గుర్తు రాలేదా?' అంది. పాతికేళ్ళ సెమినార్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. కాసేపాగి, ఎన్నడూ లేనిది, నాన్న వేళ్ళ గురించీ చీర మడత గురించీ చెప్పడం మొదలుపెట్టింది.

దీన్ని రాస్తానని అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. 'ఆయన నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వు ఊరందరికీ చెప్తావా?' అంది. నాకు జవాబు దొరకలేదు. నెలలు గడిచాయి. ఒకరోజు జాకెట్టుకి కాజాలు కుడుతూ తనే ఎత్తుకుంది. 'నా మెలకువ గురించి రాసుకో. ఆయన కల గురించి రాయకు. కల ఆయనది. మేలుకుని కూర్చున్నది నేను.'

సాహిత్య విమర్శలో ఇంత స్పష్టమైన గీత నేను చూడలేదు. అనుభవం అనే మాటను మనం ఎన్ని రకాలుగానో వాడాం. యుద్ధ అనుభవం అంటే మాత్రం రంగంలో ఉన్నవాడిదే అని వదిలేశాం. ఇంట్లో ఉన్నామెది 'ఎదురుచూపు'. అంటే ఏమీ జరగకపోవడం. కానీ మా ఇంట్లో ముప్పై అయిదేళ్ళు ప్రతి రాత్రీ ఏదో ఒకటి జరిగింది. అది జరిగింది అమ్మకి. ఆమె అనుభవానికి ఆమే హక్కుదారు.

అయినా నాకు తేలని చిక్కు ఒకటుంది. పగిలిన గాజులని ఏమనాలి? 2005లో గృహహింస చట్టం వచ్చేదాకా మనం ఎన్ని ఊరేగింపులు తీశాం, ఎన్ని సంతకాలు సేకరించాం! నాలుగ్గోడల మధ్య జరిగేదానికి పేరు పెట్టడమే మన పోరాటంలో సగం. అమ్మ ఆ పేరు ఒప్పుకోదు. 'అది కొట్టడం కాదే. కొడితే నేను ఊరుకునేదాన్నా?' అంటుంది. యుద్ధ నవల మొత్తం నేరాన్ని యుద్ధం మీదికి నెట్టి మగవాణ్ణి అమాయకుణ్ణి చేస్తుంది. చట్టం మొత్తం అతని మీదే పెడుతుంది. అమ్మ రెండింటికీ మధ్య ఎక్కడో నిలబడి ఉంది, మణికట్టు మీద మచ్చతో. ఆమె ఓర్పుని పొగడటం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఆమెకి వేరే దారి ఎవరూ చూపించలేదు. పెన్షన్ లెక్కలు వేసిన ప్రభుత్వం ఆమె నిద్ర లెక్క వేయలేదు.

ఈ మాటలు వినడానికి నవలకంటే ముందు వేరే రూపాలు పూనుకున్నాయి. స్వెత్లానా అలెక్సీవిచ్ 1985లో, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల గొంతులతో పుస్తకం తెచ్చింది. అందులో ఒక భర్త, ఇంటర్వ్యూకి ముందు రాత్రంతా భార్య చేత యుద్ధ చరిత్ర పుస్తకం చదివిస్తాడు, ఆడవాళ్ళ చిన్నాచితకా సంగతులు చెప్పకుండా సరైన యుద్ధం చెప్పాలని. సరిగ్గా ఆ మరుసటేడు, 1986లో, మన హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. మిన్‌స్క్ ఎక్కడ, హైదరాబాదు ఎక్కడ! ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండుచోట్లా టేప్‌రికార్డర్లు ఆడవాళ్ళ ముందుకొచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటం మీద అంతకుముందే బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' ఉంది, దాశరథి రంగాచార్య 'మోదుగుపూలు' ఉంది. అయినా దళంతో అడవిలో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి తన గొంతుతో మాట్లాడటానికి ఆ పుస్తకం దాకా ఆగాల్సి వచ్చింది.

పోరాడిన స్త్రీలకైనా ఆ పుస్తకాలు దొరికాయి. జీతం తీసుకుని, ఊరికి మనియార్డరు పంపే మామూలు సిపాయి తెలుగు నవలలో పక్కపాత్రగానే ఎక్కువగా కనిపిస్తాడు. ఇక అతని భార్య ఆ పక్కపాత్రకి పక్కపాత్ర. మనకి మొదటి నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. మహాభారతంలో యుద్ధం అయిపోగానే స్త్రీపర్వం వస్తుంది. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో అదీ ఒకటి. రణభూమిలో ముందు నడిచేది గాంధారి. ఎవరి తల ఎక్కడ పడి ఉందో చూసి, పేరు పెట్టి పిలిచి, కృష్ణుణ్ణి నిలదీసి శపించేది ఆమె. ఇతిహాసం ఇచ్చిన ఒక పర్వాన్ని ఆధునిక నవల ఎక్కడ జారవిడిచింది?

వియత్నాం రచయిత బావో నిన్ నవల 'ది సారో ఆఫ్ వార్' ఈమధ్య మళ్ళీ చదివాను. యుద్ధం నుంచి వచ్చిన కియెన్ రాత్రుళ్ళు రాసుకుంటూ ఉంటాడు. పై అంతస్తులో ఉండే మూగ స్త్రీ అతని మాటలు వింటుంది. అతను వెళ్ళిపోయాక చిందరవందరగా మిగిలిన కాగితాలను దాచేది ఆమె. ఆమె లేకపోతే మన చేతిలో ఆ నవలే లేదు. కాగితాలు దాచే పని రేజియాదీ అదే, 56 ఎ.పి.ఓ. కవర్లు దాచిన మా అమ్మదీ అదే. కానీ బావో నిన్ ఆమెను మూగదాన్ని చేశాడు. వినడానికి ఒక స్త్రీ కావాలి, ఆమె మాట్లాడకూడదు. గొప్ప నవలే. అయినా నాకు ఆ మూగతనం మీద అనుమానం తీరలేదు. మా ఇంట్లో మాటలు రాని మనిషి ఎవరూ లేరు, అడిగిన మనిషే లేడు.

ఏటా నవంబరులో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్లో కూడా చేయొచ్చు. అమ్మకి వేలిముద్ర పడదు, సూది పోట్లకి వేళ్ళు అరిగిపోయాయి. అందుకని పంజాగుట్టలో బ్యాంకుకి వెళ్తాం. అక్కడ బెంచీల మీద మిలిటరీవాళ్ళ భార్యలు చాలామంది కనిపిస్తారు. కిందటేడు నోటుబుక్కు తీసుకెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. ఒకావిడ భర్త 1987లో శ్రీలంక వెళ్ళినవాడు. ఇంకొకావిడ భర్త కార్గిల్‌లో పనిచేశాడు.

శ్రీలంక ఆవిడని, 'ఆయన వచ్చాక ఇంట్లో ఎలా ఉండేదండీ?' అని అడిగాను. నా పుస్తకం వైపు చూసి, 'మీరు పెన్షన్ ఆఫీసువాళ్ళా?' అంది. కాదన్నాను, మా నాన్న కూడా మిలిటరీయే అన్నాను. 'అయితే మీ అమ్మగారికి తెలిసే ఉంటుందిగా, నన్నడగడమెందుకు?' అంది. అమ్మ నవ్వి, కాస్త జరిగి ఆమెకి చోటిచ్చింది. టోకెన్ నంబరు పిలిచేదాకా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. తలుపు గడియ గురించి, వాన పడే రాత్రుళ్ళ గురించి, పిల్లలకి ఏమని చెప్పేవాళ్ళో దాని గురించి. నేను పుస్తకం మూసి విన్నాను. లేచి వెళ్తూ ఆవిడ బోరబండలో తన ఇంటి గుర్తులు చెప్పి, తీరిగ్గా రమ్మంది. రాసుకోవచ్చా అని అడిగితే, 'ముందు రండి, చెప్పాక చూద్దాం' అంది.

ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్ళాం. ఇంకా రాసుకోవడానికి ఒప్పుకోలేదు. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం, ఆవిడ జాకెట్లు రెండు అమ్మ దగ్గర కుట్టడానికి ఉన్నాయి.